తిక్క డిటెక్టివ్ సిరీస్‌లు: చూసినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త డిటెక్టివ్ సిరీస్ ఒకటి వస్తుంది. అందులో కేసు తేల్చే మనిషికి ఏదో ఒక వింత ఉంటుంది. మొదటి వారం గడిచేసరికి చూసినవాళ్లు రెండు జట్లయిపోతారు. "ఎన్నాళ్లకి ఇంత సరదా డిటెక్టివ్ దొరికాడు!" అని ఒక జట్టు, "ఆ వేషాలు భరించలేక రెండో ఎపిసోడ్‌లోనే కట్టేశాం" అని ఇంకో జట్టు. చూసింది మాత్రం ఒకటే సిరీస్. ఇలాంటిది వచ్చిన ప్రతిసారీ నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. పాత సిరీస్‌ల ముచ్చట్లు చాలానే వస్తాయి. కొత్తదాన్ని తూచాలంటే తూకంరాళ్లు పాతవే కదా మరి.

"తిక్క డిటెక్టివ్" అంటే ఎవరు? డిటెక్టివ్‌లందరికీ ఏదో ఒక పిచ్చి ఉండనే ఉంటుందిగా?

ఉంటుంది. 1887లో అచ్చులోకి వచ్చిన షెర్లాక్ హోమ్స్‌కి వయొలిన్ పిచ్చి. 1920లో వచ్చిన అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పొయిరోకి ఏ వస్తువూ వంకరగా కనిపించకూడదు. కాకపోతే ఆ కథల్లో కేసు ముందు, పిచ్చి తర్వాత. తిక్క డిటెక్టివ్ సిరీస్‌లో ఆ వరస తిరగబడుతుంది. మనం మనిషి కోసం కూర్చుంటాం, కేసు ఆ మనిషిని ఇరుకున పెట్టడానికి వస్తుంది.

2002లో మొదలైన 'మాంక్' మొదటి ఎపిసోడే చూడండి. ఒక ఇంట్లో శవం, చుట్టూ పోలీసులు. ఏడ్రియన్ మాంక్ రెండు చేతులూ ముఖం ముందు పైకెత్తి గదిని ముక్కలు ముక్కలుగా చూస్తూ తిరుగుతుంటాడు. ఏం కనిపెడతాడోనని అందరూ ఎదురుచూస్తుంటే, ఆయన బెంగంతా ఇంట్లో స్టవ్ కట్టేశానా లేదా అని! పక్కనున్న నర్సు షరోనాని అదే అడుగుతాడు. ఆ ఒక్క సీనుతో మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది, కేసు మీద ఆసక్తి కూడా మొదలైపోతుంది.

హీరో అతి చేస్తున్నట్టనిపిస్తోంది. నాకొక్కడికేనా?

మీ ఒక్కరికే కాదు. ఈ తరహా సిరీస్‌ల మీద ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే. నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఆ తిక్కని మనసులోనే తీసేసి చూడండి. కేసు అదే దారిలో, అదే క్లూతో తేలిపోతోందా? అయితే ఆ తిక్క పైపూత. మొదటి రెండు ఎపిసోడ్లలో నవ్వొస్తుంది, మూడోదాంట్లో అలవాటైపోతుంది, నాలుగోదాంట్లో విసుగొస్తుంది. తిక్క తీసేస్తే కేసే తేలకుండా ఆగిపోతోందంటే మాత్రం రాసినవాళ్లు కష్టపడ్డారన్నమాట.

పొయిరో మొదటి నవలే దీనికి మంచి ఉదాహరణ. చలిమంట గూటి పైన ఉన్న వస్తువుల్ని ఆయన అలవాటుకొద్దీ సర్దుతాడు. అవి అంతకుముందే తాను ఒకసారి సర్దినవని తర్వాత వెలుగుతుంది. అంటే మధ్యలో ఎవరో కదిపారు. ఎందుకు కదిపారన్న దగ్గరే ముడి విడిపోతుంది. సర్దే పిచ్చి లేని మనిషికి ఆ క్లూ జన్మలో దొరకదు. (నూరేళ్లు దాటిన నవల కాబట్టి ఇది స్పాయిలర్ కిందికి రాదని నా వాదన.)

2024లో బీబీసీలో వచ్చిన 'లుడ్విగ్' కూడా ఈ పరీక్ష పాసైంది. అందులో హీరో పజిళ్లు తయారుచేసుకుంటూ ఇంట్లో ఒంటరిగా బతికే మనిషి. హత్య కేసుని కూడా "ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకి" అని గళ్లు గీసుకుని, కుదరని పేర్లు కొట్టేసుకుంటూ పోతాడు. మనుషుల ముఖాలు చదవడం ఆయనకి రాదు, గళ్లు నింపడం వచ్చు.

దూరదర్శన్‌లో 1985లో వచ్చిన 'కరమ్‌చంద్' గురించి కూడా చెప్పాలి. పంకజ్ కపూర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని క్యారెట్ కరకర నమిలేవాడు. నిజం చెప్పొద్దూ, నా పరీక్షలో ఆ క్యారెట్ ఫెయిలే. దానివల్ల తేలిన కేసేమీ లేదు. అయినా ఇన్నేళ్లయినా ఆ మనిషి అంటే క్యారెట్టే గుర్తొస్తుంది. కాబట్టి నా పరీక్షని మరీ వేదవాక్కుగా తీసుకోకండి.

హంతకుడెవరో మొదట్లోనే చూపించేశారు. ఇక చూడ్డానికి ఏముంది?

ఇలా అడిగేవాళ్లే పది ఎపిసోడ్లు అయ్యాక "ఇలాంటివి ఇంకేమున్నాయి" అని మళ్లీ అడుగుతారు.

ఇది కొత్త ఎత్తు కాదు. ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లీషు రచయిత 1912లో తెచ్చిన కథల సంపుటంలో నేరం ఎలా జరిగిందో ముందే చెప్పేసి, దాన్ని ఎలా పట్టుకున్నారో తర్వాత చెప్పాడు. టీవీలో దాన్ని ఇంటింటికీ చేర్చింది, కొలంబో అనే పోలీసు డిటెక్టివ్ పేరుతోనే వచ్చిన 'కొలంబో' సిరీస్. 2023లో వచ్చిన 'పోకర్ ఫేస్', 2024లో వచ్చిన 'ఎల్స్‌బెత్' అదే బాట పట్టాయి. 'పోకర్ ఫేస్' అయితే టైటిల్ అక్షరాలు కూడా పాతకాలపు పసుపు రంగులోనే వేసి, ఎవరికి దండం పెడుతోందో దాచుకోలేదు.

ఇందులో మజా ఎక్కడుందో చెప్పాలంటే 1971 నాటి కొలంబో ఎపిసోడ్ ఒకటి చెప్పాలి. దర్శకుడు అప్పటికింకా పాతికేళ్లు నిండని స్టీవెన్ స్పీల్‌బర్గ్. తెర మీద రోడ్డు, ఒక కారు వస్తూ ఉంటుంది. వినిపించేది మాత్రం టైప్‌రైటర్ టకటక. కాసేపటికి అర్థమవుతుంది, గదిలో ఒక రచయిత కూర్చుని టైప్ చేస్తున్నాడు, ఆయన్ని చంపబోయే భాగస్వామి ఆ కారులో వస్తున్నాడు. ఎవరు చంపాడన్నది మనకి ముందే తెలుసు. తర్వాత ఆ హంతకుడు శవాన్ని తన ఇంటి ముందు పచ్చికలో పడేసి, అప్పుడే చూసి హడలిపోయినట్టు నటిస్తాడు. కొలంబో పట్టుకున్నదేమిటో తెలుసా? ఆ మనిషి తన ఉత్తరాలు విప్పుకున్నాడని! గుమ్మం ముందు స్నేహితుడి శవం పడుంటే, బిల్లుల కవర్లు చింపి చూసుకోవాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా?

ఆ కవర్లు మనమూ చూశాం. పట్టించుకోలేదు. హంతకుడి పేరు తెలిసి కూడా బోల్తా పడ్డాం, అదీ ఇక్కడి సరదా. పైగా ఈ పద్ధతిలో హంతకుడి పాత్రకి బోలెడంత చోటు దొరుకుతుంది. అందుకే వారానికొక పేరున్న నటుడు వచ్చి హాయిగా విలనీ చేసి పోతుంటాడు. ఎవరు చంపారో చివరిదాకా దాచే కథలో ఆ అవకాశం ఉండదు. అక్కడ హంతకుడు అందరిలో ఒకడిగా మూలన నిలబడాలి.

'పోకర్ ఫేస్'లో హీరోయిన్‌కి ఎవరు అబద్ధం చెప్పినా తెలిసిపోతుందట. అలాగైతే కేసు ఐదు నిమిషాల్లో అయిపోవాలి కదా?

చాలామంది ఇదే అనుకుని మొదలుపెట్టరు. చార్లీకి అబద్ధమని తెలుస్తుంది, ఎందుకు చెప్పారో తెలీదు. మనుషులు రోజుకి ఎన్ని అబద్ధాలాడతారు! "బాగున్నాను" అనేదే సగం రోజుల్లో అబద్ధం. వాటిల్లో ఏది హత్య తాలూకుదో ఏరుకోవాలి. ఏరుకున్నా, "నాకు తెలిసిపోయింది" అంటే ఏ కోర్టూ ఒప్పుకోదు. పైగా ఆవిడ పోలీసు కాదు, తనని తరుముతున్నవాళ్ల నుంచి ఊరూరా పారిపోతున్న మనిషి. ఆమెకున్న శక్తి తలుపు దాకా తీసుకెళ్తుంది, తాళం మాత్రం తీయదు.

మొదటి ఎపిసోడ్ నచ్చలేదు. ఆపేయనా?

మూడు చూసి ఆపేయండి. మొదటి ఎపిసోడ్ మీద చాలా బరువు ఉంటుంది. మనిషిని పరిచయం చేయాలి, తిక్క చూపించాలి, పక్కవాళ్లని చూపించాలి, ఇవన్నీ అయ్యాక కేసు. అందుకే అన్నీ కాస్త గట్టిగా అరిచి చెప్పినట్టుంటాయి. రెండోదానికి గొంతు తగ్గుతుంది. మూడోదాంట్లోనే అసలు రంగు తెలుస్తుంది.

కొలంబోనే తీసుకోండి. ఆ పాత్ర టీవీలో మొదట కనిపించింది 1960లో, వేసింది బెర్ట్ ఫ్రీడ్ అనే నటుడు. తర్వాత 1962లో నాటకంగా స్టేజీ ఎక్కింది, అప్పుడు థామస్ మిచెల్. పీటర్ ఫాక్ చేతికి వచ్చింది 1968లో, ఒక టీవీ సినిమాతో. అందులో ఫాక్‌ని ఇప్పుడు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తల నీటుగా దువ్వుకుని ఉంటాడు! నలిగిపోయిన రెయిన్‌కోటు మనిషి అలా నలగడానికి కొన్నేళ్లు పట్టింది. సిరీస్‌గా వరసగా రావడం మొదలైంది 1971లో.

ఆయన సంతకం లాంటి అలవాటు, వెళ్లిపోతున్నట్టే వెళ్లి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి "ఇంకొక్క మాటండీ" అనడం, పుట్టిన తీరు ఇంకా తమాషా. సృష్టికర్తలిద్దరూ, లెవిన్సన్, లింక్, ఒక సీను పొట్టిగా వచ్చిందని చూసుకున్నారు. అప్పటికే కొలంబోని గుమ్మం దాటించేశారు. అంతా మళ్లీ టైప్ చేయడానికి బద్ధకించి, ఆ మనిషినే వెనక్కి పిలిచారు. లింక్ స్వయంగా చెప్పుకున్న ముచ్చట ఇది. బద్ధకానికి ఇంత పేరు తెచ్చిన ఉదాహరణ నాకు ఇంకొకటి తెలీదు.

ఇది మానసిక సమస్యని ఎగతాళి చేయడం కాదా?

ఈ ప్రశ్నని నవ్వి కొట్టిపారేయకూడదు. మాంక్‌కి ఉన్నది ఓసీడీ, అంటే వద్దనుకున్నా చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య. కారు బాంబులో భార్య ట్రూడీ చనిపోయాక అది ముదిరి, పోలీసు ఉద్యోగం పోతుంది. చేయి కలిపిన వెంటనే తుడుపు కాగితం కోసం చేయి చాస్తాడు, మనం నవ్వుతాం. అలాంటి సమస్యతో రోజూ వేగేవాళ్లలో "మా బాధ తెర మీదికి వచ్చింది" అనేవాళ్లూ ఉంటారు, "మా బాధ మీకు కామెడీ అయింది" అనేవాళ్లూ ఉంటారు. ఒకరిది ఒప్పు, ఇంకొకరిది తప్పు అని తేల్చే హక్కు బయటివాళ్లం మనకి లేదు.

నేను చూసేది ఒకటి. నవ్వు ఎవరి వైపు నుంచి వస్తోంది? మాంక్‌లో ఆ మనిషి ఇంటికెళ్లాక కెమెరా కూడా వెంట వెళ్తుంది. ఖాళీ మంచం, ట్రూడీ జ్ఞాపకాలు, ఎంతకీ తేలని ఆమె కేసు. నవ్వించిన అలవాటే అక్కడ గుండె పిండుతుంది. మాంక్‌గా వేసిన టోనీ షలూబ్‌కి ఆ పాత్ర మూడు ఎమ్మీలు (అమెరికా టీవీ రంగంలో పెద్ద అవార్డులు) తెచ్చిందంటే చేతులు తుడుచుకున్నందుకు కాదు. కేసు అవగానే మనిషిని మరిచిపోయి, మళ్లీ నవ్వించాల్సినప్పుడే గుర్తుచేసుకునే సిరీస్‌లు ఉన్నాయి. వాటి మీద కోపం వస్తే ఆ కోపం న్యాయమే.

పక్క పాత్ర ఎందుకు? ఎప్పుడూ విసుక్కుంటూ ఉంటుంది.

ఆ విసుగు మనదే, మన తరఫున ఆవిడ పడుతోంది. తిక్క మనిషి పక్కన మామూలు మనిషి లేకపోతే ఎంత తిక్కో మనకి కొలత అందదు. అందుకే ఈ పాత్ర మారితే చూసేవాళ్లు అల్లాడిపోతారు. మాంక్‌లో మూడో సీజన్ మధ్యలో షరోనా వెళ్లి నటాలీ వచ్చింది. అభిమానుల్లో షరోనా పార్టీ, నటాలీ పార్టీ అని ఇప్పటికీ ఉన్నాయి. నేను షరోనా పార్టీ. నటాలీ ఆయన్ని ఓదారుస్తుంది, షరోనా కసురుతుంది. ఆ మనిషికి కసిరేవాళ్లే కావాలి.

చూసేవాళ్ల అభిప్రాయాల్ని అసలు తీసేవాళ్లు పట్టించుకుంటారా?

పట్టించుకుంటారు, ఒక్కోసారి వెక్కిరిస్తారు కూడా. మాంక్ మొదటి సీజన్‌కి మాటల్లేని టైటిల్ సంగీతం ఉండేది, దానికి ఎమ్మీ కూడా వచ్చింది. రెండో సీజన్‌కి దాన్ని తీసేసి ర్యాండీ న్యూమన్ పాట పెట్టారు. పాతదే కావాలని అభిమానులు గోల చేశారు. రాసేవాళ్లు ఏం చేశారంటే, అదే సీజన్‌లో ఒక ఎపిసోడ్ రాసి, టీవీ డిటెక్టివ్ సిరీస్ మీద పిచ్చి అభిమానం ఉన్న అమ్మాయిని పెట్టారు. తన అభిమాన సిరీస్‌కి టైటిల్ సంగీతం మార్చారని ఆ అమ్మాయి రుసరుసలాడుతుంది. మీకే గనక సిరీస్ ఉంటే సంగీతం ఎప్పటికీ మార్చనని మాటివ్వమని మాంక్‌ని బతిమాలుతుంది. చివర్లో పాత సంగీతం వినిపిస్తుంది. కొసమెరుపు, తిట్లు తిన్న కొత్త పాటకీ ఎమ్మీ వచ్చింది.

పోలీసులు బయటి మనిషిని ఇలా కేసులోకి రానిస్తారా?

రానివ్వరు. అందుకే ఏ సాకు చెప్పి లోపలికి తెచ్చారన్నది ఈ సిరీస్‌లలో ఒక ముచ్చటైన పోటీ. 'హై పొటెన్షియల్'లో మోర్గన్ పోలీసు ఆఫీసు ఊడ్చి తుడిచే మనిషి, ఐక్యూ 160. రాత్రిపూట డాన్సు చేస్తూ తుడుస్తుంటే ఫైళ్లు కింద పడతాయి. ఎత్తి పెడుతూ కాగితాలు చూస్తుంది. బోర్డు మీద అనుమానితురాలని రాసి ఉన్నచోట కొట్టేసి బాధితురాలని దిద్ది వెళ్లిపోతుంది. ఫ్రాన్సులో 2021లో మొదలైన 'హెచ్‌పీఐ' దీనికి మాతృక. ఎల్స్‌బెత్ లాయరు, పోలీసులు సరిగా పనిచేస్తున్నారో లేదో కనిపెట్టడానికి వచ్చి కేసుల్లో వేలు పెడుతుంది. లుడ్విగ్ మరీ దొడ్డిదారి. కనిపించకుండా పోయిన కవల సోదరుడు పోలీసు అధికారి, ఆయన స్థానంలో ఈయన వెళ్లి కూర్చుంటాడు. సాకు ఎంత విడ్డూరంగా ఉన్నా మొదటి పది నిమిషాల్లో చెప్పేస్తే నాకు అభ్యంతరం లేదు. దాన్ని ప్రతి ఎపిసోడ్‌లో మళ్లీ మళ్లీ సమర్థించుకుంటుంటేనే అనుమానమొస్తుంది.

క్లూ దాచేసి చివర్లో బయటపెట్టారు. ఇది మోసం కదూ?

మోసమే. హంతకుణ్ణి చివరిదాకా దాచే కథలకి ఒక మర్యాద ఉంది. డిటెక్టివ్‌కి దొరికిన క్లూ మనకీ కనిపించాలి. రోనాల్డ్ నాక్స్ అనే రచయిత 1929లోనే ఇలాంటివి పది నియమాలు రాశాడు. లెవిన్సన్, లింక్ జంటే 1975లో తెచ్చిన 'ఎలరీ క్వీన్' సిరీస్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. గుట్టు విప్పే ముందు హీరో కెమెరా వైపు తిరిగి, క్లూలన్నీ మీకూ ఇచ్చేశాం, చెప్పండి చూద్దాం అని మనల్నే అడిగేవాడు. అంత ధైర్యం కొత్తవాటిల్లో అరుదు.

రేటింగ్ చూసి నమ్మవచ్చా?

ఈ తరహాకి మాత్రం సగటు అంకె పెద్దగా పనికిరాదు. పదికి పది ఇచ్చేవాళ్లు, ఒకటి ఇచ్చేవాళ్లు కలిస్తే ఆరు వస్తుంది. ఆరు అంటే ఓ మోస్తరు అనుకుంటాం. నిజానికి ఓ మోస్తరుగా ఉందన్నవాడు అందులో ఒక్కడూ ఉండకపోవచ్చు. ఎన్ని మార్కులొచ్చాయన్నది పక్కనపెట్టి, తిట్టినవాళ్లు దేన్ని తిట్టారో చదవండి. "నెమ్మదిగా ఉంది, హీరోయిన్ ఊరికే వాగుతుంది" అన్న తిట్టు చూసి నేను మొదలుపెట్టిన సిరీస్‌లు రెండున్నాయి. నాకు వాగే హీరోయిన్లంటే ఇష్టం.

వారానికొకటి చూడాలా, ఒకే రాత్రి లాగించేయాలా?

వారానికొకటి. ఒక్కో కేసు ఒక్కో ఎపిసోడ్‌లో తేలిపోయే కథలివి, తిక్క కూడా మిఠాయి లాంటిదే, వరసగా ఆరు తింటే మొహం మొత్తుతుంది.

తెలుగు డబ్బింగ్‌లో చూడొచ్చా, లేక సబ్‌టైటిల్సేనా?

తిక్క ఒంట్లో ఉందా, మాటలో ఉందా చూసుకోండి. మాంక్‌ది ఒంట్లో ఉంది. దీపస్తంభాల్ని ఒక్కొక్కటీ తాకుతూ నడిచే మనిషి ఏ భాషలోనైనా అర్థమవుతాడు. మాట మీద నడిచేవాటికి మాత్రం డబ్బింగ్ గండం. తడుముకుంటూ, మింగుతూ, సగంలో ఆపుతూ మాట్లాడే పాత్రకి మైకు ముందు నిలబడి ప్రతి అక్షరం స్పష్టంగా పలికే గొంతు పెడితే, తిక్క మనిషి కాస్తా వార్తలు చదివేవాడైపోతాడు. అలాంటప్పుడు అసలు గొంతు వింటూ కింద అక్షరాలు చదువుకోవడమే మేలు.

పిల్లలతో చూడొచ్చా?

మాంక్, కొలంబో చూడొచ్చు, రక్తం తక్కువ. 'పోకర్ ఫేస్'లో బూతులు దండిగా ఉంటాయి, వాళ్లు పడుకున్నాక పెట్టుకోండి.

నచ్చి మొదలుపెడితే మధ్యలో ఆపేస్తారేమోనని భయం.

ఆ భయానికి అర్థముంది. చచ్చినవాళ్లని తాకి బతికించే హీరో ఉన్న 'పుషింగ్ డైసీస్' 2007లో వచ్చింది. ఎమ్మీలు వచ్చాయి, విమర్శకులు మెచ్చుకున్నారు. రచయితల సమ్మె వల్ల మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లకే ఆగింది, రెండోదాంతో మొత్తం 22కి ముగిసింది. 'పోకర్ ఫేస్' రెండు సీజన్లకే ఆగింది. అటు మాంక్ ఎనిమిది సీజన్లు, 125 ఎపిసోడ్లు నడిచి, 2009 డిసెంబరు 4న ట్రూడీ కేసు తేల్చి మరీ సెలవు తీసుకుంది. ఏది ఎన్నాళ్లుంటుందో ముందే పసిగట్టడం ఎవరి తరమూ కాదు. కేసులు విడివిడిగా తేలిపోతుంటాయి కాబట్టి ఆగిపోయినా మీరు నష్టపోయేది తక్కువే. 'పుషింగ్ డైసీస్' నేను ఆగిపోయిందని తెలిసే మొదలుపెట్టాను.

హంతకుడెవరో స్నేహితుడు ముందే చెప్పేశాడు. ఏం చేయను?

కొలంబో తరహా అయితే ఏమీ చేయకండి, అతను చెప్పింది మొదటి ఐదు నిమిషాల కథే. ఎవరో తెలియని తరహా అయితే, అతను ఇంకా చూడనిది ఒకటి వెతికి పట్టుకోండి.